జోకులు చెప్పి బతకొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది సఖినేటిపల్లి దగ్గర ఊరు. రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి దాటితే నరసాపురం. స్టేజీ మీద నిలబడి జోకులు చెప్పడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. మధ్యలో నాలుగైదేళ్ళు హైదరాబాద్‌లో టీవీ కామెడీ ప్రోగ్రాములకు రాశాను. ఇప్పుడు స్టేజీ వదలకుండానే చిన్న చిన్న ప్రోగ్రాములు సొంతంగా తీస్తున్నాను. పండక్కి ఇంటికొస్తే అరుగు మీద కూర్చున్న పెద్దల దగ్గర్నుంచి ఫోన్లో మెసేజీలు పెట్టే కుర్రాళ్ళ దాకా అందరూ ఇంచుమించు ఇవే అడుగుతారు. ఒక్కసారి రాసి పెట్టేస్తే నాకూ గొంతు మిగులుతుంది.

స్టాండప్ అంటే మిమిక్రీ లాంటిదేనా?

కాదండి. మిమిక్రీలో ఇంకొకరి గొంతు అరువు తెచ్చుకుంటాం. స్కిట్‌లో వేషం ఉంటుంది, పక్కన నలుగురు ఉంటారు, వెనకాల సెట్టు ఉంటుంది. స్టాండప్‌లో మైకు, మీరు, ఎదురుగా టికెట్టు కొనుక్కుని వచ్చిన జనం, అంతే. మీ గొంతుతో మీ ఇంటి సంగతులే చెప్పాలి. నవ్వు రాకపోతే తప్పు తోయడానికి పక్కన ఎవరూ ఉండరు.

అలాగని మనకు మరీ కొత్తదేం కాదు. హరికథలో దాసుగారు అసలు కథ ఆపి పిట్టకథలోకి దిగినప్పుడు చేసేది దాదాపు ఇదే. బుర్రకథలో ముగ్గురుంటే అందులో ఒకరి పనే హాస్యం. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాట ఆడేవాళ్ళకు పేరు. ఆ ఆటలో కేతిగాడూ జుట్టుపోలిగాడూ రామాయణం మధ్యలో దూరిపోయి మాట్లాడేస్తారు, రాముడు బాణం ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నా సరే. కేతిగాడి చేతికి మైకిస్తే స్టాండప్పే. మా నాన్నగారిని ఒప్పించడానికి ఇదే చెప్పాను, "హరికథ లాంటిదే నాన్నా" అని. "మరి గజ్జెలేవిరా?" అన్నారు.

గోదావరి వాళ్ళకి వెటకారం పుట్టుకతోనే వస్తుందంటారు, నిజమేనా?

పుట్టుకతో వచ్చేదైతే మా అన్నయ్యకీ రావాలి. వాడికి రాలేదు.

కానీ ఈ నేల మీద హాస్యం పండిన మాట నిజం. అల్లు రామలింగయ్య గారిది పాలకొల్లు. రాజబాబు గారిది రాజమండ్రి. రేలంగి గారు కాకినాడ నాటకాల్లోంచి వచ్చి 1970లో పద్మశ్రీ దాకా వెళ్ళారు. జంధ్యాల గారిది మా రేవుకి అవతలి ఒడ్డు, నరసాపురం. హాస్యబ్రహ్మ అనిపించుకున్న భమిడిపాటి కామేశ్వరరావు గారు రాజమండ్రిలో పంతులుగారు.

నా లెక్క ఒకటుంది, ఒప్పుకోకపోయినా పర్లేదు. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది, కాలవల్లో నీళ్ళొచ్చాయి, వరి పండింది. నాట్లకీ కోతలకీ మధ్య రోజులు మిగిలాయి, అరుగులూ ఉన్నాయి. రోజూ అవే మొహాలు చూస్తూ అవే కబుర్లు చెప్పుకోవాలంటే చెప్పే తీరు మార్చుకోక తప్పదు కదా. పైగా ఎవరితోనూ మాట పోగొట్టుకోకూడదు. రేపు అదే కాలవ నీళ్ళ కోసం అదే మనిషి గట్టు మీదికి వెళ్ళాలి. అందుకే తిట్టు కూడా మర్యాదలో చుట్టి ఇస్తారు. తొమ్మిదింటికి నిద్ర లేచినవాణ్ణి మా ఊళ్ళో ఎవరూ బద్ధకస్తుడా అనరు. "బాబుగారికి ఇంకా తెల్లారినట్టు లేదు, ఎండని కాసేపు ఆగమని చెప్పమంటారా?" అంటారు.

టీవీ వాళ్ళకి ఇది అర్థమయ్యేలా చెప్పలేక చచ్చాను. "గోదావరి యాస వెయ్యండి" అంటారు. వేస్తే, ప్రతి ముక్క చివరా "ఆయ్" అని తగిలించమంటారు. ఆ "ఆయ్" తీసేసినా వెటకారం నిలబడితే అది గోదావరి రాత అని నేననుకుంటాను.

మొదటి షో ఎలా జరిగింది?

ఘోరంగా జరిగింది. హైదరాబాద్‌లో ఒక కాఫీ షాపు పైఅంతస్తు, ఓపెన్ మైక్. ఓపెన్ మైకంటే పేరు రాయించుకున్న వాళ్ళందరికీ తలా నాలుగైదు నిమిషాలు ఇస్తారు. డబ్బులుండవు. జనం పదిహేను మంది ఉంటే వాళ్ళలో పదకొండు మంది తమ వంతు కోసం కూర్చున్న కమెడియన్లే. కమెడియన్లు నవ్వరండి. "ఈ జోకు ఎక్కడో విన్నానే" అన్నట్టు చూస్తారు.

నేను సాఫ్ట్‌వేర్ వాళ్ళ మీద రాసుకెళ్ళాను. నాకు సాఫ్ట్‌వేర్ తెలియదు. రెండో నిమిషంలో మిక్సీ తిరిగింది, ఆ చప్పుడుకి ఎవరో నవ్వారు. ఆ రాత్రి వచ్చిన నవ్వు అదొక్కటే. బయటికొచ్చి బస్సు కోసం నిలబడినప్పుడు, టెన్షన్ తగ్గడానికి, మా మావయ్య సంగతి ఒక స్నేహితుడికి చెప్పాను. వాడు రోడ్డు మీద కూలబడి నవ్వాడు. "ఇది చెప్పొచ్చుగా పైన?" అన్నాడు.

ఏంటా మావయ్య సంగతి?

చెప్తాను. కింద చెప్పబోయే చాలా విషయాలు దీంతోనే ముడిపడి ఉన్నాయి.

మావయ్య ఒకాయన దగ్గర అప్పు తీసుకున్నాడు. ఆయన వసూలుకి వచ్చాడు. "ఎండలో పడొచ్చారు, ముందు కాళ్ళు కడుక్కోండి" అన్నాడు మావయ్య. తర్వాత కాఫీ. తర్వాత "ఈ వేళప్పుడు భోజనం చెయ్యకుండా వెళ్తే మా ఆవిడ నన్ను బతకనివ్వదండి" అని చేపల పులుసుతో భోజనం. తిన్నాక వేపచెట్టు కింద మంచం. నిద్ర లేచాక మళ్ళీ కాఫీ. వెళ్ళేటప్పుడు "ఉత్త చేతులతో పంపిస్తామా?" అని సంచీలో డజను కొబ్బరికాయలు. రేవు దాకా వచ్చి మరీ పంటు ఎక్కించాడు. పంటు నది మధ్యకి వెళ్ళింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, దేనికొచ్చాడో.

ఇక్కడ నేను ఆగుతాను. మూడు సెకన్లు, జనాన్ని బట్టి నాలుగు. ఒడ్డు వైపు చూస్తాను.

పంటు వెనక్కి తిరగదు. ఆయన సంచీలోకి చూసుకున్నాడు. ఆ కొబ్బరికాయలు కూడా ఆయన దగ్గర తాకట్టులో ఉన్న చెట్లవే.

ఇలాంటి ఐదు నిమిషాలు తయారవడానికి ఎంత కాలం పడుతుంది?

ఇది ఏడు నెలలు పట్టింది. మొదట్లో తొమ్మిది నిమిషాలు ఉండేది. మావయ్య పొలం, పిల్లలు, పాత సైకిలు అన్నీ చెప్పేవాణ్ణి. ప్రతి షో ఫోన్లో రికార్డు చేసుకుని మర్నాడు వినాలి. మన గొంతు మనం వినడం మహా కష్టం, అయినా తప్పదు. ఎక్కడ నవ్వారో గీత పెట్టుకుంటాను. నిమిషానికి రెండు మూడు గీతలు పడకపోతే అందులో ఏదో ముక్క దండగన్నమాట. పంచ్ చివరి మాటకి రావాలి. "తాకట్టులో ఉన్న చెట్లవే ఆ కొబ్బరికాయలు" అని చెప్పినన్నాళ్ళూ సగం మందే నవ్వారు. జనం "తాకట్టు" దగ్గరే పట్టేసుకుంటారు, నేనింకా మాట్లాడుతూ ఉంటాను, నవ్వు నా మాట కింద పడి నలిగిపోతుంది. కొబ్బరికాయల్ని ముందుకి జరిపాక కుదిరింది. తెలుగులో ఒక సుఖం ఉంది, మాటల్ని ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు.

మా ఊళ్ళో ఓపెన్ మైకులు లేవు కదా, ఎక్కడ నేర్చుకోవాలి?

కాలేజీ వార్షికోత్సవం, వినాయక చవితి పందిరి, పెళ్ళిలో సంగీత్, లయన్స్ క్లబ్ మీటింగు, ఏదైనా సరే. భీమవరం, అమలాపురం, కాకినాడల్లో ఏ కాఫీ షాపు వాణ్ణయినా మంగళవారం సాయంత్రం ఒక గంట అడగండి. మంగళవారం ఎలాగూ బేరాలు తక్కువ. చిన్న స్పీకరు మీరే తెచ్చుకోండి.

తీర్థాల్లో, జాతరల్లో మాత్రం జాగ్రత్త. అక్కడ జనం నడుస్తూ ఉంటారు, పక్కన జెయింట్ వీల్, ఆ పక్కన పాటల కచేరీ. పది నిమిషాల కథ ఎవరూ వినరు. ఒక్కో జోకు దేనికది తెగిపోవాలి. రాత్రి పది దాటితే బహిరంగంగా మైకు వాడకూడదనే రూలుంది కాబట్టి మీ వంతు ఎన్నింటికో ముందే రాయించుకోండి. లేకపోతే డాన్సులన్నీ అయ్యాక తొమ్మిదీ యాభైకి మిమ్మల్ని ఎక్కిస్తారు, నన్ను ఎక్కించినట్టు.

టీవీలోకి ఎలా వెళ్ళారు?

2013లో ఈటీవీలో జబర్దస్త్ మొదలయ్యాక స్కిట్లకు గిరాకీ పెరిగింది. స్కిట్లు పెరిగితే రాసేవాళ్ళు కావాలి. ఒక షోలో నన్ను చూసిన ఆయన రెండు స్కిట్లు రాసిమ్మన్నాడు. ఇచ్చాను. అందులో ఒకటి వాడుకున్నారు. అంతే, ఇందులో పెద్ద మెట్లేం లేవు. ఎవరో ఒకరు పిలవాలి, పిలిచిన రోజుకి మీ దగ్గర రాసి పెట్టుకున్నవి ఉండాలి. నా దగ్గర నోటుపుస్తకంలో నలభై దాకా ఉన్నాయి. పనికొచ్చినవి ఆరు.

స్టేజీకి రాయడం, టీవీకి రాయడం ఒకటేనా?

అస్సలు కాదు. దీనికి కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటాను, ఎందుకంటే చాలామంది దెబ్బ తినేది ఇక్కడే.

స్టేజీ మీద ఒక జోకుని రెండేళ్ళు చెప్పుకోవచ్చు. ఊరు మారితే జనం మారతారు. టీవీలో ఈ వారం చెప్పింది వచ్చే వారానికి పాతది. ఏడు నెలలు పట్టిన నా మావయ్య జోకు ఎనిమిది నిమిషాల స్కిట్టుగా ఒక్క గురువారం రాత్రి అయిపోయింది. శుక్రవారం పొద్దున్న టీం లీడర్ ఫోన్: "బాగుందన్నా, ఇంకేమున్నాయి?"

ఇంకోటి, టైము. గంటకి 12 నిమిషాలకు మించి ప్రకటనలు వెయ్యకూడదని రూలు, అంటే అరగంట స్లాటులో ఆరు నిమిషాలు వాటికే. టైటిళ్ళూ, "ఇప్పటిదాకా ఏం జరిగిందంటే" కూడా పోతే రాసేవాడికి మిగిలేది ఇరవై రెండు చిల్లర. ప్రతి బ్రేకు ముందూ ఒక కొక్కెం తగిలించాలి, చూసేవాడు ఛానల్ మార్చకుండా. స్టేజీ ముందు జనం లేచిపోరు, బూట్లు వేసుకుని దూరం నుంచి వచ్చారు. టీవీ ముందు కూర్చున్నవాడి చేతిలో రిమోట్ ఉంటుంది.

ఇక మావయ్యకి ఏమైందో చూడండి. "అప్పులాయన ఒక్కడే వస్తే మజా ఏముంది, భార్యని కూడా పెట్టు" అన్నారు. భార్య వేషం మగాడికి ఇచ్చారు. చీర కట్టి నడిపించగానే అక్కడో నవ్వు. చేపల పులుసు మీద పడింది, అక్కడో నవ్వు. అంతవరకు ఒప్పుకున్నాను. నది మధ్యలో ఆగే ఆ మూడు సెకన్లు మాత్రం ఎడిటింగ్‌లో తీసేశారు. "సైలెన్స్ ఉంటే టీవీ పాడైందనుకుంటారు బ్రదర్" అని అక్కడ "డొయ్యిం" అని ఒక సౌండు వేశారు. ఇంట్లో అమ్మతో కూర్చుని చూశాను. అమ్మ బాగానే నవ్వింది, ఆ సౌండుకి.

అయినా టీవీని తీసిపారెయ్యను. ఇంకొకరి నోటికి రాయడం నాకు అక్కడే వచ్చింది. ఒకాయన పొడుగు వాక్యం చెప్పలేడు, కానీ "అవునా?" అంటే చాలు పడిపోతారు. ఆయనకి నాలుగు "అవునా"లు రాస్తే నలభై మాటల పని జరుగుతుంది. నటుడికి ఏది రాదో చూసుకుని రాయడం టీవీ నేర్పించిన విద్య. గడువు కూడా అంతే. మూడ్ రావాలి అనే మాట అక్కడితో మర్చిపోయాను.

రాసినవాళ్ళకి పేరు వేస్తారా? హక్కు ఎవరిది?

నాకు మొదటి ఏడాది పేరు పడలేదు. ఎవరని అడగొద్దు. గొడవ పెట్టుకుంటే పని పోతుందని ఊరుకున్నాను, అది నా తప్పు. మీరు ఈ నాలుగు ముక్కలు గుర్తుంచుకోండి.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే రాత మీద హక్కు రాసినవాడిదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. మీరు ఉద్యోగిగా జీతానికి రాస్తే మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికి వెళ్తుంది. హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే కాగితం మీద సంతకంతోనే ఇవ్వాలి, నోటిమాట చెల్లదు. ఆ కాగితంలో ఎన్నేళ్ళో రాయకపోతే 5 ఏళ్ళని చట్టం లెక్కేస్తుంది. అందుకే ఒప్పందాల్లో "శాశ్వతంగా, విశ్వమంతటా" అని రాస్తారు. విశ్వమంతటా అన్న మాట చూసి మొదటిసారి నవ్వొచ్చింది, చంద్రుడి మీద మా మావయ్యని ఎవరు చూస్తారని. కానీ అది జోకు కాదు, చదివి సంతకం పెట్టండి. హక్కు అమ్మేసుకున్నా, ఇది నా రాత అని చెప్పుకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది.

ఎవరైనా మన జోకు కొట్టేస్తే?

ఆలోచనకి కాపీరైట్ లేదు, రాసిన తీరుకే ఉంది. "అప్పులాయనకి మర్యాద చేసి పంపేశారు" అన్నది ఎవరైనా చెప్పుకోవచ్చు. నా మాటల్లో నా వరుసలో చెప్తే అడగొచ్చు. కోర్టుకి వెళ్ళే ఓపిక ఎవరికుంది గానీ, తేదీతో సహా రికార్డింగు ఉంటే నలుగురిలో నిలదియ్యడానికి పనికొస్తుంది. వాట్సాప్‌లో నా జోకు నాకే ఫార్వర్డ్ చేశాడు మా బావ. చివర్లో వేరేవాళ్ళ పేరుంది.

మరి నిర్మాత ఎందుకయ్యారు?

ఆ మూడు సెకన్ల కోసం. నిజంగానే. నా డబ్బు అయితే ఆ సైలెన్స్ ఎవరూ కత్తిరించరు అనుకున్నాను.

మావయ్య కథని ఇరవై నిమిషాల ఎపిసోడ్‌గా మా ఊళ్ళోనే తీశాం. అప్పుడు తెలిసింది, స్టేజీ మీద గోదావరి దాటడానికి పైసా ఖర్చు కాదని. రేవులో పంటు మన కోసం ఆగదు. దాని మీద మోటార్ సైకిళ్ళుంటాయి, పాల క్యాన్లుంటాయి, కాలేజీ పిల్లలుంటారు, అందరూ కెమెరాలోకే చూస్తారు. ఒక ట్రిప్పు మొత్తం అద్దెకి మాట్లాడుకుంటే అవతలి ఒడ్డుకు చేరేలోపు ఒక్క షాటే వస్తుంది. రెండోసారి తియ్యాలంటే ఎండ మారిపోయింది. ఆటుపోట్లకి నీళ్ళ రంగూ మారిపోయింది.

కాఫీ సీన్ ఇంకా దారుణం. అప్పులాయన వేషం వేసినాయన ప్రతి టేకులోనూ గ్లాసు ఖాళీ చేసేస్తాడు, మంచి నటుడు. టేకు మారినప్పుడల్లా గ్లాసులో కాఫీ మళ్ళీ అదే గీత దాకా ఉండాలి. ఏడో టేకుకి ఇంట్లో పాలు అయిపోయాయి. ఎనిమిదో టేకుకి ఆయన దండం పెట్టాడు. ఆఖరికి చిక్కటి టీ డికాషన్ పోసి దూరం నుంచి తీశాం. భోజనాలు ఇరవై మందికి చెప్తే ముప్పై అయిదు మంది తిన్నారు. ఊరు కదా, షూటింగ్ చూడ్డానికొచ్చిన వాళ్ళని తినమనకుండా ఎలా ఉంటాం? మావయ్య చేసిన పనే నేనూ చేశానన్నమాట, కాకపోతే బిల్లు నాది.

కాబట్టి బడ్జెట్ వేసేటప్పుడు పైన పది శాతం వేరే తీసి పెట్టండి. ఛానల్ వాళ్ళే డబ్బిచ్చి తీయించుకుంటే రిస్కు తక్కువ, ప్రోగ్రాం వాళ్ళదైపోతుంది. మనమే స్లాటు కొనుక్కుని, ప్రకటనలు మనమే అమ్ముకుంటే మిగిలినా మనదే, మునిగినా మనదే. రేటింగులు గురువారం వస్తాయి. నిర్మాతకి బుధవారం రాత్రి నిద్ర పట్టదు.

ఆ మూడు సెకన్లు ఉంచానా? ఉంచాను. ఐదు చేశాను. మరీ ఎక్కువైంది.

డబ్బు సంగతి?

మొదటి రెండేళ్ళు ప్రయాణం ఖర్చులు వస్తే గొప్ప. తర్వాత కంపెనీల ఫంక్షన్లు అన్నం పెడతాయి, టికెట్ షోలు పేరు తెస్తాయి, టీవీ నెల నెలా గడిపిస్తుంది. మీకిచ్చే ఫీజులో 10 శాతం టీడీఎస్ కింద, అంటే పన్ను కింద ముందే, పట్టుకుంటారు, పాన్ ఇవ్వకపోతే 20. రిటర్ను వేస్తే కట్టాల్సింది పోను మిగిలింది వెనక్కొస్తుంది. ఏడాదికి రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ. దాటిన రోజున నాకు స్వీట్లు పంపండి. చెక్కు ఆలస్యమైతే వారానికోసారి మర్యాదగా ఫోన్ చెయ్యాలి. ఒక నిర్మాత నన్ను తొమ్మిది నెలలు తిప్పాడు. వెళ్ళినప్పుడల్లా కాఫీ మాత్రం ఇచ్చేవాడు.

యూట్యూబ్ ఉండగా టీవీ ఎందుకు?

అక్కడ ప్రకటనల డబ్బు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్. నేను టీవీ, యూట్యూబ్ రెండూ పెట్టుకున్నాను. ఒక్క సలహా: ఇంకా షోల్లో చెప్తున్న జోకుని పెట్టెయ్యకండి. జనం మీకంటే ముందు పంచ్ చెప్పేస్తారు.

కులం మీద, రాజకీయం మీద జోకులు వెయ్యొచ్చా?

కింద ఉన్నవాడి మీద వెయ్యను. మా దగ్గర ఏ కులం వాళ్ళు ఏ వీధిలో ఉంటారో అందరికీ తెలుసు, ఒక ఇంటిపేరు చాలు పెద్ద గొడవకి. భయమా అంటే కొంత భయమే, దాచుకోను. కానీ ఆ జోకుల్లో చాలావరకు పాతవి, బద్ధకంగా రాసినవి కూడా. పెద్దవాళ్ళ మీద వెయ్యండి, మీ మీద మీరు వేసుకోండి.

మా అమ్మాయి చేస్తానంటోంది, పంపమంటారా?

పంపండి. షో అయ్యాక ఇంటికెలా వస్తుందో నిర్వాహకుల్ని ముందే అడగండి, సరిగా చెప్పలేకపోతే ఆ షో వద్దు. తను ఏం మాట్లాడాలో మాత్రం మీరు చెప్పొద్దు. మీ గురించే మాట్లాడుతుంది, తప్పదు.

ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్ళిపోవాలా?

వద్దు. బ్రహ్మానందం గారు అత్తిలిలో తెలుగు లెక్చరర్, ఎమ్మెస్ నారాయణ గారు భీమవరంలో లెక్చరర్. క్లాసులో వెనక బెంచీని నవ్వించగలిగితే ఎక్కడైనా నవ్వించొచ్చు. టీవీకి రాయాలంటే హైదరాబాద్‌లో ఉండాలి, అది నిజం. స్టాండప్‌కి అక్కర్లేదు. నేనిప్పటికీ కొత్త జోకుని నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో పక్క సీటు వాళ్ళకి చెప్పి చూస్తాను. వాళ్ళు దాన్ని జోకని అనుకోరు, మా ఇంటి కష్టం అనుకుంటారు. "అయ్యో" అని, ఆ తర్వాత నవ్వితే ఖాయమైనట్టే.

మీ మావయ్యకి ఈ జోకు తెలుసా?

తెలుసు. పోయిన సంక్రాంతికి పాలకొల్లులో షో చేస్తే మొదటి వరసలో కూర్చున్నారు. హాలంతా నవ్వింది, ఆయన నవ్వలేదు. నాకు చెమటలు పట్టాయి. అయ్యాక స్టేజీ వెనక్కి వచ్చి, కండువా సర్దుకుని, పక్కకి తీసుకెళ్ళి మెల్లగా అన్నారు: "అంతా బానే చెప్పావు గానీ అబ్బాయ్, ఆ సంచీ కూడా ఆయనదే."

అప్పట్నుంచి జోకు అక్కడ ఆపుతున్నాను.